డివిజన్ సమాచారాన్ని కాలనీవాసులకు సరిగా చేరవేయడం ఎలా: విజయవాడ వాసులకు సమగ్ర మార్గదర్శి

కాలనీ సంఘాల కార్యదర్శులు, అపార్ట్‌మెంట్ సంఘాల బాధ్యులు తరచూ అడిగే ప్రశ్న ఇది. కుళాయి నీటి నిలిపివేత మొదలుకొని ఇంటి పన్ను గడువు వరకు నగరపాలక సంస్థ నుంచి వచ్చే ప్రతి కబురునూ వాట్సాప్ గ్రూపులో పెడుతూనే ఉన్నా, సగం మంది చూడరు. చూసినవారికి అది తమ వీధికి వర్తిస్తుందో లేదో తెలియదు. చివరికి అందరూ ఫోన్ చేసి మళ్లీ అదే అడుగుతారు.

మెసేజీలు పెంచితే ఈ ఇబ్బంది తీరదు. ఏ వీధులకు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎవరు చెప్పిన మాట, ఇంటివారు చేయవలసింది ఏమిటి అన్న నాలుగు సంగతులు తేలిన తరువాతే ఏ సమాచారమైనా మన చేతి నుంచి బయటికి వెళ్లాలి. ఆ నాలుగింటిని తేల్చుకునే క్రమం ఇక్కడ వరుసగా ఇస్తున్నాను.

1. ముందుగా హద్దులు తేల్చుకోండి

విజయవాడ నగరపాలక సంస్థలో 64 డివిజన్లు, మూడు సర్కిళ్లు ఉన్నాయి. ఒక్కో డివిజన్‌లో సాధారణంగా ఒకటికి మించి వార్డు సచివాలయాలు ఉంటాయి కాబట్టి, డివిజన్ నంబరు తెలిసినంత మాత్రాన మీ పని ఏ సచివాలయంలో జరుగుతుందో తెలిసినట్టు కాదు. రోడ్డుకు ఎడమ పక్క ఇళ్లు ఒక సచివాలయానికి, కుడి పక్క ఇళ్లు మరో సచివాలయానికి చెందడం మామూలే.

ఇంకో చిక్కు ఉంది. ఇదివరకు డివిజన్లు 59 ఉండేవి. 2021 ఎన్నికల నాటికి పునర్విభజన జరిగి సంఖ్య పెరగడంతో చాలాచోట్ల నంబర్లు మారాయి. పాత శిలాఫలకాల మీద, వీధి బోర్డుల మీద పాత నంబర్లు ఇంకా కనిపిస్తాయి. వాటిని చూసి రాసిన ఫిర్యాదు పక్క డివిజన్‌కు చేరి, అక్కడ కొన్నాళ్లు పడి ఉండి, తిరిగి వస్తుంది.

కరెంటు సెక్షన్ హద్దులు, పోలీస్ స్టేషన్ హద్దులు, శాసనసభ నియోజకవర్గ హద్దులు వేటికవే వేరు. ఒక నోటు పుస్తకం మొదటి పేజీలో ఈ వివరాలు రాసి పెట్టుకోండి:

- ప్రస్తుత డివిజన్ నంబరు, సర్కిల్ నంబరు
- మన వీధులు ఏయే సచివాలయాల కిందికి వస్తాయి, ఏ వీధి దగ్గర హద్దు మారుతుంది
- విద్యుత్ సెక్షన్ కార్యాలయం, మన వీధులకు కరెంటు వచ్చే ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) పేరు
- పోలీస్ స్టేషన్, ట్రాఫిక్ పోలీస్ స్టేషన్
- తాగునీరు ఏ రిజర్వాయర్ నుంచి వస్తుంది, వాల్వ్ ఎక్కడుంది, ఏ వేళకు తిప్పుతారు

చివరి అంశాన్ని చాలామంది వదిలేస్తారు గాని, ఎక్కువగా ఉపయోగపడేది అదే. ‘ఫలానా రిజర్వాయర్ శుభ్రపరుస్తున్నారు’ అని ప్రకటన వచ్చినప్పుడు మన ఇళ్లకు నీరు అక్కడి నుంచే వస్తుందో లేదో తెలియకపోతే ఆ ప్రకటన చదివీ ప్రయోజనం ఉండదు. వాల్వ్ తిప్పే మనిషిని అడిగితే అయిదు నిమిషాల్లో చెబుతారు. మొగల్రాజపురం, గుణదల, విద్యాధరపురం వంటి కొండ ప్రాంతాల్లో నీటిని పైకి పంపు చేయాలి కాబట్టి, కింది వీధుల వేళలు, పై మెట్ల ఇళ్ల వేళలు విడివిడిగా రాసుకోవాలి.

2. ఏ పని ఎవరిదో పట్టిక వేసుకోండి

సమాచారం ఎవరు ఇవ్వాలో తెలియాలంటే పని ఎవరిదో తెలియాలి. వార్డు సచివాలయాల్లో పనిని విభాగాలవారీగా పంచారు. నీరు, రోడ్లు, మురుగునీటి పైపులైన్లు, వీధి దీపాలకు వసతుల కార్యదర్శి, చెత్త, కాలువల శుభ్రతకు పారిశుద్ధ్య కార్యదర్శి, ఇళ్ల నిర్మాణాలకు ప్రణాళిక కార్యదర్శి, పింఛన్లు, పథకాలకు సంక్షేమ కార్యదర్శి ఉంటారు. వీరిపైన ఇంజినీరింగ్ వైపు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్), డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్), పారిశుద్ధ్యం వైపు శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఉంటారు. సిబ్బంది సర్దుబాట్లు, బదిలీలు జరుగుతుంటాయి కాబట్టి పట్టికలో మనుషుల పేర్లకు బదులు హోదాలు రాసుకోవడం మేలు.

ఎక్కువగా పొరపాటు జరిగే చోట్లు ఇవి:

- వీధి దీపం: స్తంభం విద్యుత్ సంస్థది, దీపం వెలిగించే బాధ్యత నగరపాలక సంస్థది. దీపం వెలగకపోతే సచివాలయానికి, తీగ తెగి వేలాడితే విద్యుత్ సంస్థకు 1912 నంబరులో చెప్పాలి.
- నగరంలోని పెద్ద కాలువలు: ఏలూరు, బందరు, రైవస్ కాలువల్లో నీటి విడుదల జలవనరుల శాఖ చేతిలో ఉంటుంది. కాలువ గట్టు మీద చెత్త పోగుపడితే నగరపాలక సంస్థకు చెప్పాలి.
- రెండు రకాల మురుగు: ఇళ్ల మరుగుదొడ్ల నీరు వెళ్లేది భూగర్భ డ్రైనేజీలోకి, వాననీరు వెళ్లేది పక్కనున్న డ్రెయిన్‌లోకి. ‘డ్రైనేజీ పొంగుతోంది’ అని మాత్రమే రాస్తే ఎవరిని పంపాలో అవతలివారికి తెలియదు. పొంగేది మ్యాన్‌హోల్‌లో నుంచా, పక్క కాలువలో నుంచా అన్నది తప్పనిసరిగా రాయాలి.
- జాతీయ రహదారి మీద గుంతలు: అవి జాతీయ రహదారుల సంస్థ పరిధిలోనివి, సచివాలయంలో ఇచ్చిన అర్జీ వల్ల పని జరగదు.

3. సమాచారం పుట్టే చోట్లు, వాటిని చూసే వేళలు

అన్నింటినీ రోజూ చూడనక్కర్లేదు. వేటిని ఎప్పుడు చూడాలో నిర్ణయించుకుంటే వారానికి ఒక గంట చాలు.

సచివాలయ నోటీసు బోర్డు. వారానికి ఒకసారి ఎవరో ఒకరు వెళ్లి ఫోటో తీయాలి. లబ్ధిదారుల జాబితాలు, శిబిరాల తేదీలు, అభ్యంతరాలు కోరే నోటీసులు ముందు కనిపించేది ఇక్కడే. కాగితం మీద కాగితం అంటించి ఉంటుంది కనుక కింది కాగితం తేదీ కూడా కనపడేలా, సంతకం, ముద్ర ఫోటోలో పడేలా తీయాలి.

జిల్లా పేజీలు. కమిషనర్ పేరుతో వచ్చే పత్రికా ప్రకటనలు మరుసటి ఉదయం దినపత్రికల నగర పేజీల్లో వస్తాయి. నీటి సరఫరా నిలిపివేత, ట్రాఫిక్ మళ్లింపులు ఎక్కువగా ఇలాగే తెలుస్తాయి. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల ట్రాఫిక్ మళ్లింపులను పోలీస్ కమిషనరేట్ విడిగా ప్రకటిస్తుంది. వన్‌టౌన్, భవానీపురం వైపు ఉండేవారు ఆ పది రోజులూ వాటిని రోజూ చూసుకోవాలి.

సోమవారం అర్జీల కార్యక్రమం. ప్రజా సమస్యల పరిష్కార వేదికను సోమవారాల్లో నగరపాలక సంస్థ కార్యాలయంలోనూ, కలెక్టరేట్‌లోనూ నిర్వహిస్తారు. అర్జీ ఇవ్వడానికే గాక, ఒక పని ఏ దశలో ఉందో సంబంధిత అధికారిని నేరుగా అడగడానికి కూడా ఇది అనువైన రోజు, ఎందుకంటే విభాగాధిపతులంతా ఒకే చోట ఉంటారు.

మన మిత్ర. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ వాట్సాప్ సేవలో 95523 00009 నంబరుకు సందేశం పంపి పన్ను చెల్లింపు, ధ్రువపత్రాలు, ఫిర్యాదుల వంటివి చూసుకోవచ్చు. మున్సిపల్ ఫిర్యాదులకు పురమిత్ర యాప్ కూడా ఉంది.

కౌన్సిల్ అజెండా. పాలకవర్గం ఉన్న కాలంలో కౌన్సిల్ సమావేశానికి ముందు అజెండా కార్పొరేటర్లకు అందుతుంది. అందులో మన డివిజన్ పనులు ఏమున్నాయో కార్పొరేటర్‌ను అడిగి తెలుసుకోవాలి. రోడ్డు తవ్వకం మొదలైన రోజున తెలుసుకునేకన్నా అంచనా వేసిన రోజునే తెలుసుకోవడం నయం. పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేకాధికారి ఉన్న కాలంలో ఇదే ప్రశ్న సర్కిల్ కార్యాలయంలో అడగాలి.

4. పంపే ముందు నిర్ధారించుకోండి

నమ్మకం పోగొట్టుకోవడానికి ఒక్క తప్పుడు కబురు చాలు. గ్రూపుల్లో తిరిగే సందేశాల్లో తప్పు ఎక్కువగా ఒకే రూపంలో వస్తుంది: అది అబద్ధం కాదు, పాతది. ‘రేపు నగరంలో నీటి సరఫరా ఉండదు’ అన్న సందేశం నిరుడు నిజమే అయి ఉండవచ్చు. తేదీ లేని ‘రేపు’ ఏడాది పొడవునా చెల్లుతుంది.

ఏ సందేశం వచ్చినా ఈ వరుసలో చూడండి:

- తేదీ, వారం రెండూ ఉన్నాయా, ఒకదానికొకటి సరిపోతున్నాయా? తేదీకి, వారానికి పొంతన లేకపోతే అది పాత ప్రకటనే అనుకోవచ్చు.
- ప్రకటన ఇచ్చిన అధికారి హోదా ఉందా? ‘అధికారులు తెలిపారు’ అన్నది సరిపోదు.
- మన వీధి పేరు, లేదా మన రిజర్వాయర్, ఫీడర్ పేరు అందులో ఉందా?
- కాగితం ఫోటో అయితే పైభాగం, కిందిభాగం రెండూ ఉన్నాయా, లేక మధ్యలో కత్తిరించారా?

నాలుగింటిలో ఒక్కటి తేలకపోయినా సచివాలయానికి వెళ్లండి, లేదా ఫోన్ చేయండి. అడిగే తీరు కూడా ముఖ్యమే. ‘రేపు నీళ్లు రావటగా?’ అంటే అవతలివారు ‘అవునట’ అనేసే అవకాశం ఉంది. ‘మా రిజర్వాయర్ నుంచి బుధవారం ఉదయం సరఫరా ఉందాండీ, ఉంటే ఏ వేళకు?’ అని అడిగితే, వారూ కనుక్కునే చెబుతారు.

నిర్ధారణ కాకపోయినా చెప్పక తప్పని సందర్భాలు కొన్ని ఉంటాయి. అప్పుడు ‘ఇంకా నిర్ధారణ కాలేదు, సాయంత్రం ఆరు గంటలకు మళ్లీ తెలియజేస్తాం’ అని మొదటి వాక్యంలోనే రాయాలి. ఆరు గంటలకు ఏమీ తేలకపోతే తేలలేదని కూడా రాయాలి.

5. సమాచారాన్ని రాసే పద్ధతి

సాధారణంగా వచ్చే సందేశం ఇలా ఉంటుంది:

*‘ముఖ్య గమనిక! రేపు నీటి సరఫరాలో అంతరాయం కలుగును. కావున ప్రజలందరూ గమనించి సహకరించగలరు.’*

ఇందులో ఏ వీధికి, ఎంతసేపు, నీళ్లు మొత్తానికే రావా, ఆలస్యంగా వస్తాయా అన్నది ఏదీ లేదు. సహకరించడానికి ఏం చేయాలో కూడా లేదు. అదే సంగతిని ఇలా రాయవచ్చు:

*‘నీళ్లు: 1 నుంచి 6వ అడ్డరోడ్డు వరకు. నవంబరు 18, బుధవారం సాయంత్రం కుళాయి నీరు రాదు. గురువారం ఉదయం మామూలు వేళకే వస్తుంది. పైపులైను మరమ్మతు కారణం. బుధవారం ఉదయమే సంపులు నింపుకోండి; గురువారం మొదటి పది నిమిషాల నీరు పట్టుకోవద్దు. 7వ అడ్డరోడ్డు నుంచి ఆ పైవారికి మార్పు లేదు. తెలిపినవారు: వార్డు వసతుల కార్యదర్శి, మంగళవారం ఉదయం 11 గంటలకు.’*

వరుస గమనించండి. మొదటి మాట విషయం, రెండోది వీధులు. వర్తించనివారు అక్కడే చదవడం ఆపేయవచ్చు. ఎవరికి మార్పు లేదో చెప్పే వాక్యం అనవసరంగా కనిపిస్తుంది గాని, సగం ఫోన్లు దానివల్లే తగ్గుతాయి. మరమ్మతు తరువాత మొదట వచ్చే నీటిలో మట్టి ఉండవచ్చన్న జాగ్రత్త ప్రకటనలో ఉండదు, మనమే చేర్చాలి.

మరికొన్ని నియమాలు:

- ఒక సందేశంలో ఒకే విషయం ఉండాలి. నీళ్లు, పింఛను, దోమల మందు కలిపి రాస్తే ఏదీ గుర్తుండదు.
- ‘రేపు’, ‘ఎల్లుండి’ రాయవద్దు. తేదీ, వారం రాయాలి.
- ఫోటో ఒక్కటే పంపి ఊరుకోవద్దు. చూపు మందగించినవారు దాన్ని చదవలేరు, తరువాత వెతికితే దొరకదు. అసలు విషయం అక్షరాల్లో రాసి, ఫోటోను కింద జతచేయండి.
- సిబ్బంది సొంత ఫోన్ నంబర్లు, లబ్ధిదారుల జాబితాల్లోని ఆధార్, బ్యాంకు వివరాలు గ్రూపులో పెట్టవద్దు. జాబితా బోర్డు మీద ఉందని చెప్పి, పేరు చూసుకొమ్మంటే సరిపోతుంది.
- పని పూర్తయిన వెంటనే ‘నీరు వచ్చింది’ అని ముగింపు సందేశం పెట్టాలి.

గ్రూపులో లేనివారి సంగతి మరవవద్దు. అపార్ట్‌మెంటులో లిఫ్టు పక్కన, విడి ఇళ్ల వీధుల్లో పాల బూత్ దగ్గరో, కిరాణా కొట్టు దగ్గరో పెద్ద అక్షరాల కాగితం అంటించాలి. గడువు దాటిన కాగితాన్ని అంటించినవారే తీసేయాలి. పాత కాగితాలు నిండిన బోర్డు వైపు ఎవరూ చూడరు.

6. వాన, వరద రోజుల్లో

ఇక్కడ పొరపాటుకు మూల్యం ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. విజయవాడకు నీటి ముప్పు రెండు వైపుల నుంచి వస్తుంది. ఒక వైపు హెచ్చరిక మరో వైపువారికి వర్తించదు.

కృష్ణా నది. ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీరు) చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షల క్యూసెక్కులకు చేరితే రెండో హెచ్చరిక జారీ చేస్తారు. ఈ అంకెలు ముందుగా కృష్ణలంక, రాణిగారితోట, తారకరామనగర్ వంటి నదీతీర ప్రాంతాలవారికి ముఖ్యం.

బుడమేరు వాగు. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపువారు చూడవలసింది ఈ వాగు నీటిని అదుపు చేసే వెలగలేరు రెగ్యులేటర్ గేట్ల స్థితిని. 2024 సెప్టెంబరు 1న ఈ ప్రాంతాలను ముంచినది బుడమేరు. మరునాడు బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. నది నిండుగా ఉన్నప్పుడు బుడమేరు మళ్లింపు కాలువ నీరు నదిలో కలవడం కష్టమవుతుంది కనుక రెండింటికీ సంబంధం ఉంది. అయినా బ్యారేజీ అంకె తక్కువగా ఉందని సింగ్‌నగర్‌వారు నిశ్చింతగా ఉండటానికి లేదు.

కొండవాలు ఇళ్లు. నదితో, వాగుతో సంబంధం లేని మూడో ముప్పు ఇది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణనష్టం జరిగింది. కొండ కింద ఉండేవారికి ఎడతెరిపి లేని వానే హెచ్చరిక. ప్రకటన కోసం ఎదురుచూడకుండా ఇళ్లు మారడానికి సిద్ధం కావాలి.

ఆ రోజుల్లో పాటించవలసినవి:

- అంకెతోపాటు గంట కూడా రాయండి. ‘ఉదయం 9 గంటలకు 4.10 లక్షలు’ అంటే అర్థముంది, ‘4.10 లక్షలు’ అంటే సాయంత్రానికి అది పుకారు.
- పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది చెప్పండి.
- జూన్‌లోపే వృద్ధులు, గర్భిణులు, డయాలసిస్ రోగులు ఉన్న ఇళ్ల జాబితా, సమీప పునరావాస కేంద్రం వివరం కాగితం మీద రాసి ఉంచండి. కరెంటు పోతే ఫోన్లు రెండో రోజుకే మూగబోతాయి.
- విపత్తు సాయానికి 1070, అత్యవసరానికి 112 నంబర్లు. వీటిని బోర్డు మీద శాశ్వతంగా ఉంచండి.

ఎవరో తీసిన వీడియో చూసి ‘గట్టు తెగింది’ అని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పంపవద్దు. ఏ గట్టో తెలియక జనం ఎత్తైన చోటు వదిలి పల్లానికి పరుగెత్తే ప్రమాదం ఉంది.

7. పన్నులు, గడువులు

ఇది తేలికైన భాగం. తేదీలు ముందే తెలుసు. ఇంటి పన్ను అర్ధ సంవత్సరాలవారీగా లెక్కిస్తారు. ఏడాది మొత్తాన్ని ఏప్రిల్ 30లోగా ఒకేసారి చెల్లించినవారికి 5 శాతం రాయితీ ఇస్తారు; గడువు దాటితే వడ్డీ పడుతుంది. ఏప్రిల్ మొదటి వారంలో ఒకసారి, 25న మరోసారి గుర్తుచేస్తే చాలు. చెల్లించే ముందు రసీదు మీది అసెస్‌మెంట్ నంబరు (ఇంటి పన్ను ఖాతా సంఖ్య), యజమాని పేరు సరిచూసుకొమ్మని అందులోనే రాయండి. ఇల్లు కొన్నా పేరు మార్పించుకోనివారు అపార్ట్‌మెంట్లలో చాలామందే ఉంటారు.

జనన, మరణాలను 21 రోజుల్లోగా నమోదు చేయించుకోవాలన్నది బోర్డు మీద ఒక మూల ఎప్పుడూ ఉండదగిన మాట.

8. ఫిర్యాదు ఇచ్చాక వెంటపడే క్రమం

సమాచారం ఒక వైపే నడిస్తే గ్రూపు నిలవదు. వీధివారి సమస్య లోపలికి వెళ్లి, దాని జవాబు బయటికి రావాలి.

1. పొద్దునపూట, చుట్టుపక్కల గుర్తు పట్టేలా ఫోటో తీయండి. గుంత ఒక్కటే కనిపిస్తే ఏ వీధిదో తెలియదు. ఎదుటి ఇంటి గేటో, స్తంభం నంబరో ఫోటోలో పడాలి.
2. మొదట సచివాలయంలో నమోదు చేయించండి. నోటి మాటగా చెప్పి రావద్దు. నమోదు సంఖ్య తీసుకోండి.
3. కదలిక లేకపోతే సోమవారం అర్జీ ఇవ్వండి, లేదా ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చేయండి. పాత నమోదు సంఖ్యను అందులో తప్పక రాయండి.
4. పని జరగకుండానే ‘పరిష్కరించాం’ అని సందేశం వస్తే, అదే రోజు తీసిన కొత్త ఫోటోతో తిరిగి తెరిపించండి. ఆలస్యమైతే, అప్పుడు చేసినది మళ్లీ పాడైందని సిబ్బంది వాదించే వీలుంటుంది.
5. ఖర్చు, అంచనా, కాంట్రాక్టు గడువు వంటివి తెలియాలంటే సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల రుసుముతో ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు చేయండి. 30 రోజుల్లో జవాబు రావాలి; రాకపోతే తరువాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.

ఆర్టీఐ దరఖాస్తులో ‘ఎందుకు చేయలేదు?’ అని నిలదీస్తే ఉపయోగం లేదు, చట్టం కింద ఇచ్చేది కాగితాల్లో ఉన్న సమాచారమే. ‘ఫలానా వీధి డ్రెయిన్ పనికి సంబంధించిన అంచనా పత్రం, పని ఉత్తర్వు, కొలతల పుస్తకం నకళ్లు ఇవ్వండి’ అని అడగండి.

9. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

గ్రూపు కబుర్లతో నిండిపోవడం. పండుగ శుభాకాంక్షల మధ్య నీళ్ల కబురు మునిగిపోతుంది. బాధ్యులు మాత్రమే రాయగలిగే గ్రూపు ఒకటి, చర్చకు మరొకటి పెట్టండి.

పార్టీల రంగు. కార్పొరేటర్ చేయించారని ఒకరు, ఎమ్మెల్యే చేయించారని మరొకరు రాయడం మొదలుపెడితే వారంలో సగం మంది గ్రూపు వదిలిపోతారు. పని పేరు, వీధి, తేదీ రాయండి. శిలాఫలకం మీద ఎవరి పేరుందో చూసేవారు చూసుకుంటారు.

తప్పు సందేశాన్ని చడీచప్పుడు లేకుండా తొలగించడం. అప్పటికే దాన్ని వేరే గ్రూపులకు పంపినవారుంటారు. ‘సవరణ’ అని మొదలుపెట్టి, ఏది తప్పో, ఏది సరో రెండూ రాసిన కొత్త సందేశం పెట్టాలి.

అంతా ఒక్కరి మీదే పడటం. ఆ ఒక్కరు ఊరెళితే కాలనీకి కబురు ఆగిపోతుంది. సచివాలయానికి వెళ్లేవారు ఒకరు, రాసేవారు ఒకరు, కాగితాలు అంటించేవారు ఒకరు ఉంటే భారం తగ్గుతుంది. మొదటి పేజీలో హద్దులు, తరువాత పనుల పట్టిక, ఆపైన ఫిర్యాదుల నమోదు సంఖ్యలు ఉన్న ఆ నోటు పుస్తకం సంఘం ఆస్తిగా ఉండాలి. బాధ్యులు మారిన రోజున పెండింగులో ఉన్న ప్రతి ఫిర్యాదునూ ఇద్దరూ కలిసి చదివి, తేదీ వేసి, సంతకాలు చేసి అప్పగించుకోవాలి.